టైంటేబుల్‌లో ఉన్నా తరగతి గదికి రాని ఆటపాటల పీరియడ్

మదనపల్లె: ప్రాథమిక పాఠశాల గోడకు అతికించిన టైంటేబుల్‌ను చూస్తే తెలుగు, గణితం, ఇంగ్లిషు, పరిసరాల విజ్ఞానంతో పాటు ఆటలకు, చిత్రలేఖనానికి, చేతిపనులకు, కథలకూ గడులు కనిపిస్తాయి. ఆచరణలో ఆ గడులు చాలా బడుల్లో ఎక్కాలు అప్పజెప్పించడానికో, రాతపనికో పోతున్నాయి. ఇద్దరు ఉపాధ్యాయులు ఐదు తరగతులను మోయవలసిన చోట ఇంతకంటే భిన్నంగా జరగడం కష్టమే. అదే ఊరి నుంచి పట్టణంలోని ప్రైవేటు బడికి బస్సెక్కే పిల్లలు అబాకస్, కరాటే, నృత్యం వంటివి అదనపు రుసుము చెల్లించి నేర్చుకుంటున్నారు. ప్రభుత్వ బడిలో చదివే కూలీల పిల్లలకు మాత్రం బడిలో దొరకనిది మరెక్కడా దొరకదు.

చట్టంలో ఏముంది?

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బాలల ఉచిత, నిర్బంధ విద్యా హక్కు చట్టం-2009లోని 29వ సెక్షన్ పిల్లల సర్వతోముఖాభివృద్ధిని పాఠ్య ప్రణాళిక లక్ష్యంగా పేర్కొంది. శారీరక, మానసిక సామర్థ్యాలు పూర్తిస్థాయిలో వికసించాలని, కృత్యాలు, అన్వేషణల ద్వారా, భయానికి తావులేని వాతావరణంలో నేర్పాలని నిర్దేశించింది. ఇదే చట్టానికి జతచేసిన అనుబంధం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట వస్తువులు, కథల పుస్తకాలతో కూడిన గ్రంథాలయం ఉండాలి.

చిక్కంతా బోధించే మనిషి దగ్గరే వచ్చింది. చిత్రకళ, ఆరోగ్య వ్యాయామ విద్య, పని విద్యలకు పార్ట్‌టైం బోధకులను నియమించాలని అదే అనుబంధం చెబుతోంది. అయితే ఇది ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ వంద మందికి మించి పిల్లలున్న బడులకే వర్తిస్తుంది. ఐదో తరగతి లోపు పిల్లలకు ఇటువంటి ఏర్పాటు లేదు. 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి 90 మంది వరకు ముగ్గురు అన్న లెక్కతోనే సరిపెట్టారు. వ్యాయామ ఉపాధ్యాయుడు, డ్రాయింగ్ మాస్టారు అన్న పేర్లు పిల్లలకు హైస్కూలుకు వెళ్లాకే పరిచయమవుతున్నాయి. చేతివేళ్లు, గొంతు, కాళ్లు సులువుగా సాధనకు లొంగే వయసు అప్పటికే గడిచిపోతోంది.

జాతీయ విద్యావిధానం-2020 కూడా ఈ లోటును పూరించలేదు. వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, చిత్రకారుల వంటి స్థానిక నిపుణుల వద్ద పిల్లలు పని నేర్చుకునేందుకు అది సూచించిన పది రోజుల సంచి లేని చదువు కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికే.

ఇరవై నాలుగులో రెండు

ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలన్నది చట్టం విధించిన నిబంధన. సగటున రోజుకు నాలుగు గంటలు. ఆరు రోజుల వారానికి 24 గంటలన్నమాట. బడులు నడిచే వేళలు నిజానికి ఇంతకన్నా ఎక్కువే. ఇందులో రెండు గంటలు బొమ్మలకు, పాటలకు, ఆటలకు కేటాయిస్తే చదువు కుంటుపడుతుందనే వాదన నిలవదు. ‘ఆడుకోవడానికైతే బడి దేనికి’ అని అడిగే తల్లిదండ్రులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. వారికి నచ్చజెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులదే.

ఉమ్మడి రాష్ట్రంలో రూపొందిన రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం-2011 తరువాత నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ఆరోగ్య వ్యాయామ విద్య, కళలు, పని విద్య, విలువలు-జీవన నైపుణ్యాలకూ గ్రేడులు ఇచ్చే పద్ధతి వచ్చింది. తరగతి జరిగినా జరగకపోయినా రిజిస్టరులో గ్రేడు నిండే అవకాశం ఉండటం దీనిలోని లోపం. బొమ్మ గీయించకుండా వేసిన ‘ఎ’ గ్రేడు ఎవరికి ఉపయోగమో అధికారులే ఆలోచించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకు రెండు శనివారాలను, 2025-26 విద్యాసంవత్సరం నుంచి ప్రతి శనివారాన్నీ ‘నో బ్యాగ్ డే’గా ప్రకటించారు. ప్రాథమిక బడులకు ఇది మంచి అవకాశం. సంచిని ఇంట్లో వదిలి వచ్చినంత మాత్రాన అది తరగతి కాబోదు. ఆ రోజు ఏం చేయించాలో శుక్రవారం నాటికే నిర్ణయించుకోని బడిలో శనివారం హాజరు తగ్గడం తప్ప మరో ఫలితం ఉండదు.

రిషివ్యాలీ చూపిన దారి

బోధకులు లేరన్న కారణానికి సమాధానం ఈ ప్రాంతంలోనే ఉంది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం ఒక పద్ధతిని రూపొందించింది. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో, ఒకే ఉపాధ్యాయుని వద్ద కూర్చునే బడులవి. పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విభజించి, నిచ్చెన మెట్ల వలె అమర్చారు. ప్రతి మైలురాయి వద్ద పరిచయం, అభ్యాసం, పరీక్ష ఉంటాయి. వెనుకబడిన వారికి మళ్లీ నేర్పే కార్డులు, ముందుగా ముగించిన వారికి అదనపు కృత్యాల కార్డులు వేరుగా ఉంటాయి. త్వరగా నేర్చిన పిల్ల చేతులు కట్టుకొని కూర్చోవలసిన పని లేదు. కర్ణాటకలోని ‘నలి-కలి’కి, తమిళనాడులోని కృత్యాధార బోధనకు ఈ పద్ధతే స్ఫూర్తినిచ్చింది.

ఈ కేంద్రం ప్రవేశపెట్టిన ‘మెట్రిక్ మేళా’ మరింత ఆసక్తికరం. పిల్లలే దుకాణాలు నడుపుతారు. తూకాలు, కొలతలు, లెక్కలు అన్నీ వారివే. ఊరి పెద్దలు కొనుగోలుదారులుగా వస్తారు. కిలో, లీటరు, మీటరు పుస్తకంలోని మాటలుగా మిగలకుండా చేతికి అందుతాయి. తరగతిలో నోరు విప్పని బాలుడు బేరం దగ్గర గట్టిగా మాట్లాడటం అక్కడ వింతేమీ కాదు. పొరుగున ఉన్న కర్ణాటక ప్రభుత్వ బడుల్లోనూ ‘మక్కళ సంతె’ పేరిట పిల్లల సంతలు జరుగుతుంటాయి.

చింతగింజలు, గవ్వలు

ఖర్చు లేని సామగ్రి ప్రతి ఊరిలోనూ ఉంది. వామనగుంటల పలకలో వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు ఉంటాయి. గింజలు పంచుతూ పోయే పిల్ల కూడిక, భాగహారాలతో పాటు నాలుగు అడుగుల ముందు ఏమి జరుగుతుందో ఊహించడం నేర్చుకుంటుంది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, అన్నీ బోర్లా పడితే ఎనిమిది. ఆ లెక్కను ఒకటో తరగతి పిల్లలకు ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేదు. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులిజూదం గళ్లు పాత దేవాలయాల అరుగులపై నేటికీ కనిపిస్తాయి. సుద్దముక్కతో అదే పటం బడి వరండాలో గీయవచ్చు. కోలాటం, చెక్కభజన నేర్పే పెద్దలు రాయలసీమ పల్లెల్లో ఇంకా ఉన్నారు. వారిని వారానికొక గంట బడికి పిలవడానికి కావలసింది ప్రధానోపాధ్యాయుని చొరవ, దారి ఖర్చుకు కొద్దిపాటి సొమ్ము.

నిధులు అడగడం ఎలా?

2018లో వెలువడిన సమగ్ర శిక్షా మార్గదర్శకాలు ప్రాథమిక పాఠశాలకు క్రీడా సామగ్రి కోసం ఏటా రూ.5 వేల వరకు, గ్రంథాలయానికి మరో రూ.5 వేల వరకు నిధులకు వీలు కల్పించాయి. పెద్ద మొత్తం కాకపోయినా తాడాటకు తాళ్లు, బంతులు, రంగులు, కథల పుస్తకాలకు ఇది అక్కరకు వస్తుంది. వచ్చిన సామగ్రి పాడవుతుందనే భయంతో బీరువాలో పెట్టి తాళం వేస్తే మాత్రం ప్రయోజనం శూన్యం.

విద్యా హక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. 22వ సెక్షన్ కింద ఈ కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ నిధుల మంజూరుకు ఆధారం. వారంలో ఏ రోజు, ఏ పీరియడ్‌లో, ఎవరు, ఏ కళ లేదా ఆట నేర్పుతారో కమిటీ సమావేశంలో నిర్ణయించి తీర్మానాల పుస్తకంలో రాయించాలి. అందుకు కావలసిన సామగ్రి జాబితాను అభివృద్ధి ప్రణాళికకు జతచేయవలసిందిగా సభ్యులు ప్రధానోపాధ్యాయుని కోరవచ్చు.