ఉప్పు, బెల్లం, చేప ఎరువు: నెల్లూరు తీరంలో ఒక పెరటి పద్ధతి పూర్వాపరాలు

వ్యాససంగ్రహం

చేప వ్యర్థాలను బెల్లంతో పులియబెట్టి పెరటి మొక్కలకు వాడే పద్ధతి ఆంధ్రతీరంలో ఇటీవలి కాలంలో వ్యాప్తిలోకి వచ్చింది. దీనిని ప్రాచీన కుణపజలానికి కొనసాగింపుగా చెప్పడం పరిపాటి అయింది. కుణపజలం తయారీని, వలసపాలన కాలపు చేప ఎరువు చరిత్రను, నేటి చేప-బెల్లం ద్రావణాన్ని పక్కపక్కన ఉంచి చూసి, ఈ మూడూ వేర్వేరు మూలాలు గల పద్ధతులని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చేప తిండిగా నిలవాలా, ఎరువుగా మారాలా అన్నది ఆయా కాలాలలో ఉప్పు, నూనె, మేత వంటి ఇతర సరుకుల వెల మీద ఆధారపడిందని నెల్లూరు తీరాన్ని కేంద్రంగా చేసుకొని వివరిస్తుంది.

కీలక పదాలు: నెల్లూరు తీరం, చేప ఎరువు, కుణపజలం, ఉప్పు పన్ను, చేప-బెల్లం ద్రావణం, పట్టపువారు.

1. ఉపోద్ఘాతం

నెల్లూరు అనగానే తెలుగువారికి చేపల పులుసు గుర్తుకు వస్తుంది. ఆ పులుసు కాగే వంటింట్లో చేపలో వృథాగా పోయేది తక్కువ. తలకాయ కూడా పులుసులోకే చేరుతుంది. మిగిలేవి పేగులు, మొప్పలు, పొలుసులు, రెక్కలు, చేపలు కడిగిన నీళ్లు. ఆ నీళ్లను కరివేపాకు చెట్టు మొదట్లో పోయడం, పేగులనూ మొప్పలనూ కొబ్బరి పాదులో గుంత తీసి పూడ్చడం తెలుగు ఇళ్లలో ఎరిగిన అలవాటే. దానికి ఎవరూ ప్రత్యేకంగా పేరు పెట్టలేదు.

ఇప్పుడు అదే వ్యర్థానికి పేర్లు వచ్చాయి. మీనామృతం అనీ, చేప-బెల్లం ద్రావణం అనీ, ఫిష్ అమైనో యాసిడ్ అనీ వ్యవహరిస్తున్న ఈ ద్రవ ఎరువును ఇంటింటా తయారు చేసుకోవచ్చునని ప్రకృతి వ్యవసాయ ప్రచారకులు చెబుతున్నారు. పేరుతోపాటు ఒక వంశావళి కూడా వచ్చింది. ఇది వేయి సంవత్సరాలనాటి వృక్షాయుర్వేద విద్య అని, మరచిపోయినదాన్ని మళ్లీ అందుకుంటున్నామని అనడం కనిపిస్తుంది. ఈ వంశావళి ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసంలోని మొదటి అంశం. చేపను ఎరువుగా మార్చే నిర్ణయం ఈ తీరంలో ఎవరి చేతిలో ఉంటూ వచ్చిందన్నది రెండవది. మొదటి ప్రశ్నకు గ్రంథం సమాధానం చెబుతుంది. రెండవదానికి తీరపు ఆర్థిక చరిత్రను ఆశ్రయించవలసి ఉంటుంది.

2. కుణపజలం: గ్రంథం చెప్పేది

మొక్కల పోషణలో చేపను వాడటం సంస్కృత వాఙ్మయానికి కొత్త కాదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో విత్తనాలను నాటే ముందు చేసే సంస్కారాల్లో చేపను, పందిమాంసాన్ని పేర్కొన్నాడు. ద్రవ ఎరువుగా కుణపజలాన్ని సవిస్తరంగా చెప్పినవాడు సుమారు క్రీ.శ. 1000 ప్రాంతానికి చెందిన సురపాలుడు. ఆయన వృక్షాయుర్వేదం ప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉండగా, డాక్టర్ వై.ఎల్. నెనె దానిని తెప్పించారు. హైదరాబాదుకు చెందిన సంస్కృత పండితురాలు నళినీ సాధలే ఆంగ్లానువాదంతో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో దానిని ప్రచురించింది. నేడు కుణపజలం గురించి సాగే చర్చకు ఈ ప్రచురణ ప్రధాన ఆధారం.

కుణపం అంటే శవం. పేరులోనే కుళ్లు వాసన ఉంది. సురపాలుడు చెప్పిన విధానంలో చేప, పొట్టేలు, మేక మొదలైనవాటి కొవ్వు, మూలుగ, మాంసం సేకరించి నీటితో ఇనుప పాత్రలో ఉడికించాలి. పొట్టు, నువ్వుల తెలికపిండి, తేనె, నానిన మినుములు, నెయ్యి చేర్చాలి. కుండను వెచ్చని చోట పక్షం రోజులు ఉంచాలి.

ఈ వివరాలను నేటి పద్ధతితో పోల్చి చూస్తే మూడు భేదాలు కనిపిస్తాయి. మొదటిది నిప్పు. కుణపజలంలో మాంసం ఉడుకుతుంది; చేప-బెల్లం ద్రావణంలో పొయ్యి ప్రమేయమే లేదు. ఉడికించినప్పుడు చేప పేగుల్లో సహజంగా ఉండే జీర్ణరసాలు శక్తిని కోల్పోతాయి. నేటి ద్రావణం పనిచేసేదే ఆ రసాల వల్ల. రెండవది నీరు. కుణపజలానికి నీరే మాధ్యమం. చేప-బెల్లం ద్రావణంలో మొదట చుక్క నీరు కూడా పోయరు. మూడవది దినుసులు. నెయ్యి, తేనె, మినుములు చెట్లకు పోయగలిగినది ఉద్యానవనం పెంచే సంపన్నుడే. వలలాగి బతికే కుటుంబం ఆ దినుసులను మొక్కల పాలు చేయదు. కాబట్టి కుణపజలం చేపను వాడిన ప్రాచీన ద్రవ ఎరువు అనడం సరైనదే. తీరపు పెరటిలోని నేటి కుండకు అది మూలం అనడం మాత్రం తయారీ పద్ధతికే విరుద్ధం.

3. ఉప్పు పన్ను చేసిన ఎరువు

తీరంలో చేప ఎరువు చరిత్ర తోట దగ్గర కాక ఇసుక మీద మొదలవుతుంది. నెల్లూరు తీరం పొడవునా ఇసుక దిబ్బలు, ఉప్పుటేర్లు, పులికాటు వంటి ఉప్పునీటి సరస్సు. పట్టపువారు ఇక్కడి ప్రధాన మత్స్యకార సమాజం. నెత్తళ్లు, కవ్వలు వంటి చిన్న చేపలు ఒక్కోసారి గుట్టలుగా పడతాయి. పట్టిన చేప గంటల వ్యవధిలో చెడిపోతుంది. మంచుగడ్డ లేని రోజుల్లో దాన్ని నిలపడానికి రెండే దారులు: ఎండ, ఉప్పు.

ఎండ డబ్బు అడగదు. కాని ఈశాన్య రుతుపవనం వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నెల్లూరు తీరంలో దానిని నమ్ముకోలేరు. ఇక ఉప్పు. ఇసకపల్లి, కృష్ణపట్నం ప్రాంతాల్లో ఉప్పు కళ్ల ముందే పండేది. అయినా అది జాలరి చేతికి చౌకగా అందేది కాదు. మద్రాసు రాజధానిలో 1805 నుంచి ఉప్పు సర్కారు గుత్తాధిపత్యం కిందికి వచ్చింది. 1882లో మణుగుకు రెండు రూపాయలుగా ఉన్న పన్ను 1888లో రెండున్నర రూపాయలకు పెరిగింది. మణుగు అంటే నేటి లెక్కలో సుమారు 37 కిలోలు. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం సర్కారు అనుమతి లేకుండా ఉప్పు తయారుచేయడాన్ని నేరంగా పరిగణించింది.

భారత, బర్మా సముద్ర మత్స్యసంపద మీద ఫ్రాన్సిస్ డే 1873లో ప్రచురించిన నివేదిక ఈ సమస్యను ప్రభుత్వం దృష్టికి తెచ్చింది. ఉప్పు పన్ను వల్ల చేపను సరిగా ఊరవేయలేకపోతున్నారన్నది ఆయన వాదన. దాని పర్యవసానంగా రాజధానిలోని రెండు తీరాలలోనూ పన్ను లేని ఉప్పును ఇచ్చే ఆవరణలను ప్రభుత్వం ఏర్పాటు చేసింది. చేపను అక్కడికే మోసుకెళ్లి, ఉప్పు శాఖ సిబ్బంది కళ్లెదుట ఉప్పు పట్టించాలి. ఆవరణకు దూరంగా ఉన్న పల్లెకు ఆ సదుపాయం అందదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఉప్పు చాలని చేప, వానకు తడిసిన ఎండు చేప మొదట తిండిగానే ఉద్దేశించినవి. చెడిపోయాకే అవి ఎరువు అయ్యాయి. అంటే చేప ఎరువులో కొంత భాగం రైతు కోరినందువల్ల కాక, జాలరికి ఉప్పు దొరకనందువల్ల పుట్టింది. ఎరువుగా అమ్మితే వచ్చేది తిండిగా అమ్మితే వచ్చేదానికన్నా చాలా తక్కువ. ఆ తేడా జాలరి కుటుంబం భరించిన నష్టం.

4. నూనె, గువానో: చేప ఎరువు పరిశ్రమ

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో చేప ఎరువును పరిశ్రమగా చూసిన అధికారి సర్ ఫ్రెడరిక్ నికల్సన్. సహకార పరపతి సంఘాల మీద నివేదిక రాసినవాడిగా ఆయన ప్రసిద్ధుడు. జపాను వెళ్లి అక్కడి మత్స్య పరిశ్రమను చూసి 1907లో ఒక నివేదిక ప్రచురించాడు. ఆ దేశంలో ఎండు సార్డీన్లను ప్రత్తి పంటకు ఎరువుగా కొనే వాడుక ఎదో కాలం నుంచే ఉంది. మద్రాసు మత్స్యశాఖకు పునాది వేసినవాడు కూడా ఆయనే.

నికల్సన్ దృష్టి ప్రధానంగా పశ్చిమ తీరం మీద నిలిచింది. మలబారు, దక్షిణ కన్నడ తీరాలలో నూనె సార్డీన్లు అపారంగా పడేవి. వాటిని ఇసుక మీద పరచి ఎండబెట్టి, ఇసుకతో సహా ఎత్తి ఎరువుగా అమ్మేవారు. నూనె పోయేది, బరువులో ఇసుక చేరేది. చేపను ఉడికించి, పిండి, నూనె తీసి, మిగిలిన పిప్పిని శుభ్రంగా ఎండబెట్టే పద్ధతిని ఆయన ప్రచారం చేశాడు. ఆ పిప్పికి గువానో అని పేరు వచ్చింది. కొద్ది ఏళ్లలోనే ఆ తీరం పొడవునా వందలాది చిన్న కార్ఖానాలు వెలిశాయి. సరుకు తోటలకు, సింహళానికి, ఇతర దేశాలకు ఎగుమతి అయింది.

ఎండిన చేప ఎరువులో నత్రజని 4 నుంచి 10 శాతం, భాస్వరం 3 నుంచి 9 శాతం ఉంటాయని, పొటాష్ ఒకటిన్నర శాతం దాటదని వ్యవసాయ గ్రంథాలు చెబుతాయి. అంత సారం గల ఎరువు తీరపు ఇసుక నేలల కన్నా దూరపు తోటలకే ఎక్కువగా చేరింది, ఎందుకంటే అక్కడ దానికి వెల ఉంది. ఈ దశలో చేపను ఎరువు వైపు నడిపినది ఉప్పు కాదు, నూనెకూ గువానోకూ పలికిన ధర.

5. బెల్లం రాక

నేటి ద్రావణానికి దగ్గరి మూలం కొరియాలో ఉంది. 1935లో పుట్టిన చో హాన్-క్యూ రూపొందించిన ప్రకృతి వ్యవసాయ విధానంలో చేపను సమాన తూకపు ముడి చక్కెరతో పులియబెట్టే పద్ధతి ఒకటి. దక్షిణ భారతానికి వచ్చాక ముడి చక్కెర స్థానంలో బెల్లం చేరింది. నెల్లూరుకు పొరుగున ఉన్న తమిళనాడులో, నమ్మాళ్వార్ (1938–2013) ప్రేరణతో సాగిన సేంద్రియ ఉద్యమ కాలంలో అది మీన్ అమిలం అనే పేరుతో ప్రచారం పొందింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ప్రభుత్వమే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని చేపట్టాక ఇటువంటి ద్రావణాలకు ఊళ్లలో ఆదరణ పెరిగింది.

తయారీ సులభం. పచ్చి చేప వ్యర్థాన్ని చిన్న ముక్కలు చేసి, అంతే తూకం బెల్లం పొడి కలిపి, మట్టికుండలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో మూడింట రెండు వంతులకు మించకుండా నింపాలి. గాలి ఆడేలా గుడ్డ కట్టి, ఈగలు, కుక్కలు చేరని నీడన మూడు నాలుగు వారాలు ఉంచాలి. బెల్లం చేపలోని నీటిని బయటికి లాగుతుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆ తీపిలో పెరగలేవు. ఆమ్లం పుట్టించే మేలు జీవులు పెరుగుతాయి. చేపలోని జీర్ణరసాలు మాంసకృత్తులను అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. పిదప ముదురు గోధుమరంగు ద్రవాన్ని వడకట్టి, వెయ్యి పాళ్ల నీటికి ఒక పాలు చొప్పున కలిపి పోయాలన్నది చో చెప్పిన మోతాదు.

ఇందులో ఉప్పు, బెల్లం చేసే పనిని పోల్చవచ్చు. ప్రాచీన రోమనులు గారమ్ అనే చేప రసాన్ని ఉప్పుతో ఇలాగే ఊరబెట్టేవారు. అక్కడా చేపను కరిగించినవి దాని జీర్ణరసాలే. ఉప్పు వేస్తే అది మనిషి నోటికి వెళ్తుంది, మొక్కకు హాని. బెల్లం వేస్తే మొక్కకు వెళ్తుంది. అందుకే ఉప్పు పట్టిన చేపను ఈ ద్రావణానికి వాడరాదు. ఇసుక నేల నీటిని, సారాన్ని నిలుపుకోదు కనుక ఒకేసారి ఎక్కువగా పోయడం కన్నా పలుమార్లు కొద్దికొద్దిగా పోయడం ఈ తీరానికి అనువు.

6. తిండి, మేత, ఎరువు: నేటి పోటీ

ఈ ద్రావణం పొలానికి యూరియా బదులు నిలుస్తుందా? లెక్క చూడాలి. పచ్చి చేపలో మూడు వంతులు నీరే. కిలో చేపలో నత్రజని సుమారు 25 గ్రాములు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. అంటే ఒక్క బస్తాకు సాటి రావాలంటే 800 కిలోలకు పైగా చేప, దానితో సమానంగా బెల్లం కావాలి. కనుక ఇది పెరటికి, కుండీలకు తగిన ఎరువు. పొలం స్థాయికి దీన్ని పెంచాలంటే వంటింటి వ్యర్థం చాలదు. తినే చేపకే చేయి చాపవలసి వస్తుంది.

ఆ చేపకు ఇప్పటికే మరో బలమైన గిరాకీ ఉంది. 1990ల ఆరంభంలో నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులు వేగంగా విస్తరించాయి. 1994లో తెల్లమచ్చ వ్యాధి వాటిని దెబ్బతీసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో తీరప్రాంతపు రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. 2009 తరువాత వనామీ రొయ్యతో సాగు మళ్లీ పుంజుకుంది. రొయ్య మేతలో చేపపొడి ముఖ్యమైన దినుసు. మరబోట్ల వలల్లో పడే చిన్న చేప ఇప్పుడు చేపపొడి కార్ఖానాకు వెళ్తుంది. అదే చేప ఒకప్పుడు పల్లె ఆడవాళ్లు ఇసుక మీద ఎండబెట్టి గంపలో పెట్టుకొని ఊరూరా అమ్మిన ఎండు చేప. పేదవాడి గంజి పక్కన నిలిచినది అదే.

7. ముగింపు

పై పరిశీలనను మూడు నిర్ణయాలుగా చెప్పవచ్చు. ఒకటి, నెల్లూరు తీరపు పెరటిలోని చేప-బెల్లం ద్రావణం కుణపజలానికి వారసత్వం కాదు. కొరియా నుంచి తమిళనాడు మీదుగా ప్రచారంలోకి వచ్చి, బెల్లంతో స్థానికమైన ఆధునిక పద్ధతి. ఇందులో చిన్నతనం లేదు. పొరుగువారి నుంచి నేర్చుకోవడం వ్యవసాయ చరిత్రలో కొత్త విషయం కాదు. రెండు, ఈ తీరానికి సొంతమైన జ్ఞానం గ్రంథంలో కన్నా కరివేపాకు మొదట్లో పోసిన నీళ్లలో, కొబ్బరి పాదులోని గుంతలో ఉంది. దాన్ని సంస్కృత నామంతో గౌరవిస్తే, ఆ పని చేసిన ఆడవారి పేరు మరుగున పడుతుంది. మూడు, ఉప్పు పన్ను, నూనె ధర, రొయ్య మేత అనే మూడు దశల్లోనూ చేప ఎటు పోవాలో నిర్ణయించినది పట్టినవారు కాదు.

పెరటి కుండ ఈ వరసలో నాలుగోది కాకుండా ఉండాలంటే దానికి ఒక హద్దు అవసరం. పేగు, మొప్ప, పొలుసు, రెక్క దానివి. నెత్తళ్లు, కవ్వలు మాత్రం మనిషివి. నెల్లూరు వంటిల్లు తలకాయను పులుసులో వేసి ఆ హద్దును ఎప్పుడో గీసింది.