రంగు కోసం తెచ్చిన పురుగు

మన చెరువుల్లో గుర్రపుడెక్కను తమిళులు ఆగాయత్తామరై అంటారు, అంటే ఆకాశతామర. వాళ్ళు పువ్వును చూశారు, మనవాళ్ళు ఆకును చూసి గిట్ట అన్నారు. అనుకూలమైన నీళ్ళలో రెండు వారాలకే రెట్టింపయ్యే మొక్క ఇది. బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు చక్రవడ్డీ లెక్కలు కట్టిన నాకే ఆ వేగం భయం పుట్టిస్తుంది. మణవాళనగర్ నుంచి కూవం దాటి వెళ్ళేటప్పుడల్లా దీన్ని తినే పురుగు సంగతి గుర్తొస్తుంది. అయితే ఆ కథ గుర్రపుడెక్కతో కాదు, నాగజెముడుతో మొదలుపెట్టాలి.

ఎర్రరంగునిచ్చే కొచినీల్ పురుగు ఒకప్పుడు మెక్సికో నుంచి స్పెయిన్‌వాళ్ళ చేతుల మీదుగానే లోకానికి అందేది. ఆ లాభంలో వాటా కావాలని ఈస్టిండియా కంపెనీ ఆశ. మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ 1786 నుంచి దీని కోసం ఉత్తరాలు రాశాడు, సైదాపేటలో పురుగుకు మేతగా జెముడు తోట కూడా వేయించాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి పురుగును కలకత్తాకు తెచ్చాడు. తీరా చూస్తే అది అసలు జాతి కాదు, నాసిరకం రంగునిచ్చే అడవి జాతి. వ్యాపారపు పద్దులో అది నష్టమే. కానీ ఆ పురుగు ఒక జాతి జెముడును మొదలంటా తినేసింది. 1836-38లో దాన్ని దక్షిణాదికి తెచ్చారు, 1865లో సింహళానికి పంపారు. కలుపును చంపడానికని ఒక దేశం నుంచి మరో దేశానికి పురుగును పంపడం అదే మొదలంటారు.

మన పొలాలను ఆక్రమించిన మరో జాతి నాగజెముడును మాత్రం అది ముట్టలేదు. దాని కోసం 1926లో సింహళం నుంచే ఇంకో జాతి కొచినీల్‌ను తెప్పించారు. కొద్ది ఏళ్ళలోనే మద్రాసు రాష్ట్రంలో వేల ఎకరాల ముళ్ళు ఎండిపోయాయి. తన మేత తప్ప మరోదాన్ని ముట్టని ఈ పట్టుదలే పురుగును నమ్మడానికి ఆధారం.

పందొమ్మిదో శతాబ్దం చివర అందానికని బెంగాలుకు తెచ్చిన గుర్రపుడెక్కకూ ఆ పద్ధతే పాటించారు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా, దాన్ని తినే ముక్కుపురుగులదీ ఆ ప్రాంతమే. 1982లో వాటిని మన దేశానికి రప్పించి, ఇక్కడి పైర్లను తినవని పరీక్షించాకే బెంగుళూరు చెరువుల్లో వదిలారు. పెద్ద పురుగు ఆకును గీకుతుంది. పిల్లపురుగు కాడను తొలుచుకుంటూ మొదలు దాకా పోతుంది. తేలే శక్తి పోయి మొక్క కుళ్ళి మునుగుతుంది. బెంగుళూరులో కొన్ని చెరువులు రెండు మూడేళ్ళలో తేటపడ్డాయి.

ఊరి మురుగు కలిసే నీళ్ళలో మాత్రం ఈ ఉపాయం అంతగా పారదు. మురుగే ఎరువై, పురుగు తినేదానికన్నా వేగంగా మొక్క పెరుగుతుంది. అక్కడ ఇప్పటికీ కూలీలను పెట్టి, యంత్రాలు దించి లాగించవలసిందే, మళ్ళీ వచ్చే ఏడు లాగించవలసిందే.