కాలవమీద నీలాపనింద

పసిపిల్ల అర్ధరాత్రి గుక్కపట్టి ఏడుస్తుంది. పాలు పట్టినా ఆపదు, భుజాన వేసుకుని తిప్పినా ఆపదు. ఉండుండి చెయ్యి చెవి దగ్గరికి పోతుంది. అది చూడగానే ఇంట్లో పెద్దావిడ "చెవిపోటే!" అని తేల్చేసి వంటింట్లోకి నడుస్తుంది. గరిటెలో కాస్త నువ్వులనూనె, అందులో రెండు వెల్లుల్లి రెబ్బలు. తెల్లారేసరికి దిండుమీద పచ్చగా ఇంత మరక. "చెవి పగిలింది, ఇంక ఫర్వాలేదు" అంటుందావిడ. నిజంగానే పిల్ల హాయిగా నిద్రపోతూ ఉంటుంది.

ఇలాంటి రాత్రి గడపని ఇల్లు మనవైపు ఉందంటే నేను నమ్మను. రాజులకీ రాణులకీ చరిత్రలు రాసినవాళ్ళు చీముచెవిని పట్టించుకోలేదు గాని, దానిదీ పెద్ద చరిత్రే.

నేను పుట్టింది రేపల్లె, మెట్టింది తెనాలి. మా అక్కయ్యని బాపట్ల ఇచ్చారు. మూడు ఊళ్ళలోనూ పిల్లవాడి చెవి కారిందంటే ముద్దాయి ఒక్కటే, నీళ్ళు. బెజవాడ దగ్గర కృష్ణకి 1855లో ఆనకట్ట పూర్తయ్యాక మా డెల్టా అంతా కాలవలే. తెనాలిలో అయితే ఊళ్ళోనుంచే మూడు కాలవలు పోతాయి. ఆ నీళ్ళతోనే వరి పండింది, ఆ నీళ్ళలోనే పిల్లలు ఈత నేర్చారు, ఆ నీళ్ళే చెవిలో దూరి చీము పట్టించాయని తిట్లూ తిన్నాయి. బాపట్లలో ఆ తిట్లు సూర్యలంక సముద్రానికి. "వద్దురా అంటే వినకుండా మునిగొచ్చాడు" అని అక్కయ్య అత్తగారు కేకలేసేవారు.

పాపం కాలవకి ఇది నీలాపనిందే. చెవి రంధ్రంలోకి కాస్త దూరం వెళ్ళగానే కర్ణభేరి అడ్డంగా ఉంటుంది. అది చిల్లుపడకుండా ఉన్నంతవరకూ కాలవ కాదు, కృష్ణమ్మ మొత్తం వచ్చినా లోపలికి చుక్క పోదు. (నీళ్ళలో నాని బయటిచెవి వాచి వచ్చే పోటు వేరే ఉంది, దాని సంగతి ఇక్కడ ఎత్తను.) మరి మధ్యచెవిలోకి చీమెలా వచ్చింది? ముక్కు వెనకనుంచి! ముక్కు వెనక భాగానికీ మధ్యచెవికీ నడుమ ఒక సన్నటి గొట్టం ఉంటుంది. 1560లలో యూస్టాషియస్ అనే ఇటలీ వైద్యుడు దాన్ని వివరంగా వర్ణించాడు, అందుకే దానికి ఆయన పేరు. చిన్నపిల్లల్లో ఈ గొట్టం పొట్టిగా, ఇంచుమించు అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది. పిల్లకి పడిశం పట్టగానే గొట్టం వాచి మూసుకుపోతుంది, లోపల నీరు నిలుస్తుంది, అందులో ముక్కునుంచి వచ్చిన క్రిములు పెరుగుతాయి. చీము ఒత్తిడికి కర్ణభేరి బిగిసి పసిదాన్ని ఏడిపిస్తుంది. అది చిట్లి చీము బయటికొస్తే ఒత్తిడి తగ్గి నొప్పి తీరుతుంది. మన పెద్దావిడ నూనె గొప్పతనం అనుకున్నది ఇదన్నమాట.

అసలు దొంగలు ఇంట్లోనే ఉన్నారు. పడిశం ఒకటి. పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పెట్టేసే పాలసీసా ఒకటి. తల్లిపాలు తాగే పిల్లలకి ఈ బాధ తక్కువ. ఇంకొకటి పొగ. గుంటూరు జిల్లా పొగాకు దేశదేశాలకీ ఎగుమతైంది గాని, అందులో కొంత తాతయ్యల చుట్టల్లో మండి మనవల చెవుల్లో తేలింది. తాతయ్య నోట్లో చుట్ట తియ్యమని ఏ కోడలు చెప్పగలిగేది? కాలవని తిట్టడమే సులువు.

వైద్యం మనకి లేక కాదు. సుశ్రుతుడు చెవి రోగాలు 28 అని లెక్కపెట్టాడు. చెవిలో నూనె నింపే చికిత్సకి కర్ణపూరణం అని పేరే ఉంది. కాని ఎవరికి, ఎప్పుడు అన్నది వైద్యుడు చూసి చెయ్యాలి. మన ఇళ్ళకొచ్చేసరికి ఆ సంగతి పోయి గరిటె మిగిలింది. వెల్లుల్లి నూనె, ఉల్లిరసం, తులసిరసం, చివరికి చనుబాలు కూడా పిండేవాళ్ళు. చిల్లుపడ్డ చెవిలో ఇవి పోస్తే కొత్త క్రిములకి తలుపు తీసినట్టే. పైగా ఎంత వేడో చూసుకోకుండా పోస్తే కాలిన పుండు అదనం. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈకల సంగతి చెప్పనే అక్కర్లేదు. తలపాగాలో సన్నటి పుల్లలు దోపుకుని బస్టాండుల్లో తిరిగే గులిమి తీసేవాళ్ళని మీరూ చూసే ఉంటారు.

ఇదంతా తేలిగ్గా తీసుకోవలసిన జబ్బు కాదని అసలు ప్యారిస్ కథ ఒకటి చెబుతుంది. (మా తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కదా, అందుకని అసలు అన్నాను.) డబ్లిన్‌లో సర్ విలియం వైల్డ్ అని పేరుమోసిన చెవి వైద్యుడుండేవాడు. చెవి వెనక చీము చేరితే కోసి తీసే కోతకి ఆయన పేరే పెట్టారు. ఆయన కొడుకే రచయిత ఆస్కార్ వైల్డ్. 1900 నవంబరు 30న ప్యారిస్‌లో పోయాడు. చెవిలో చీము మెదడు పొరలకెక్కడం వల్లేనని ఎక్కువమంది వైద్యుల అభిప్రాయం. చెవి వైద్యుడి కొడుకు గతే అది! 1873లో జర్మనీలో ష్వార్ట్జ్ చెవి వెనక ఎముకని తొలిచి చీము తీసే ఆపరేషన్‌కి ఒక పద్ధతి ఏర్పరిచాడు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ప్రాణం నిలిపే దారి అదే.

మరి మనవాళ్ళు ఎక్కడికి పోవాలి? 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చింది. ముందు చిన్న మందులశాల, 1898లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి. 1930లో పోయేదాకా ఆవిడ అక్కడే ఉంది. మగ డాక్టరుకి ముఖం చూపించడానికి జంకే ఇల్లాళ్ళకి అదెంత అండో ఊహించుకోవలసిందే. కాని గుంటూరు చేరాలి కదా! గుంటూరు-రేపల్లె రైలు 1916లో గాని రాలేదు. అంతకు ముందు పడవో బండో కట్టుకుని చంటిదానితో బయల్దేరాలి. చెవిపోటుకి ఎవరు బయల్దేరతారు? చెవి వెనక వాపు పొంగి జ్వరం మీదపడ్డాక బయల్దేరేవాళ్ళు.

ఈ కథ మలుపు తిరిగింది మందులతో. 1935లో జర్మనీనుంచి సల్ఫా మందు, 1940లలో పెన్సిలిన్. మన దేశంలో పింప్రీలో ప్రభుత్వ పెన్సిలిన్ కర్మాగారం పెట్టింది 1954లో. నడుమ ఒక తెలుగువాడున్నాడు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలని నడిపిస్తుండగా, అక్కడ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుంచి బంగారు రంగు మందు తీశాడు. అదే ఆరియోమైసిన్. 1948 జూలైలో దాని సంగతి లోకానికి చెప్పారు. నెల తిరక్కముందే ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ జాతి మందులు ఎన్నో ప్రాణాలు నిలిపాయి. అయితే అవి ఎనిమిదేళ్ళలోపు పిల్లల పళ్ళకి పసుపు మరక పట్టిస్తాయని తర్వాత తెలిసింది. పిల్లల చెవికి ఇప్పుడు ముందుగా వాడేది అమాక్సిసిలిన్.

ప్రాణభయం తగ్గాక మిగిలింది చెవుడు. నాకు బాధ కలిగించేది ఇదే. రేపల్లెలో మా వీధిలో ఒకమ్మాయి ఉండేది. చిన్నప్పటినుంచీ ఎడమచెవి కారేది, తర్వాత కుడిది కూడా. వాసన తెలియకుండా తల్లి చెవిలో దూది పెట్టి, జడలో మల్లెపూలు దట్టంగా తురిమి బడికి పంపేది. మేష్టారు అడిగింది వినపడక తెల్లమొహం వేస్తే మొద్దు అన్నారు. ఐదో తరగతితో చదువు ఆగింది. పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు కుడివైపు కూర్చునేట్టు చూసుకునేవారు, అటు కొంచెం నయం కనక. ఇంటిల్లిపాదీ కలిసి దాచింది చెవిని. చూపించలేదు. "చెవి కారడం పెద్దయితే అదే పోతుంది" అన్నది ఆ రోజుల్లో వేదవాక్యం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత చెప్పి నవ్వుకున్నాం గాని, ఆ చెవుడు ఎక్కడ మొదలైందో ఎవరడిగారు?

ఇప్పుడు రోజులు మారాయి. 2007లో కేంద్రప్రభుత్వం చెవుడు నివారణకి ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. న్యుమోకోకస్ టీకా 2021 నాటికి దేశమంతటా పసిపిల్లల ఉచిత టీకాల్లో చేరింది. చెవిపోటు తెచ్చే క్రిముల్లో అదొక ముఖ్యమైనది. ఇంకొక వింత చూడండి: మందులిన్ని వచ్చాక, రెండేళ్ళు దాటిన పిల్లకి పోటు ఓ మాదిరిగా ఉంటే నొప్పికి పారాసెటమాల్ ఇచ్చి రెండు మూడు రోజులు కనిపెట్టి ఉంటే చాలంటున్నారు డాక్టర్లు. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఆరునెలల్లోపు పసికందుకి, జ్వరం పేలిపోతున్న పిల్లకి, చెవి కారుతున్నవాళ్ళకి మాత్రం ఆ ఓపిక పనికిరాదు. వెంటనే చూపించాలి. చెవి వెనక వాచిందంటే పరుగెత్తాలి. పద్నాలుగు రోజులు దాటి కారుతుంటే దాన్ని పాతబడ్డ చీముచెవి కింద లెక్కకట్టి చెవిలో వేసే చుక్కల మందు ఇస్తారు, వినికిడి పరీక్షా చేయిస్తారు.

కారే చెవికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లులకి చెప్పే ఇంటిపని చూస్తే మా అత్తగారు సంతోషించి ఉండేవారు. నూనె కాదు, వత్తి! శుభ్రమైన మెత్తటి నూలుగుడ్డని మొనదేలేట్టు చుట్టి చెవిలో పెట్టాలి. తడిశాక తీసి ఇంకొకటి. పొడిగా వచ్చేదాకా అలాగే, రోజుకి మూడుసార్లయినా. పుల్లకి దూది చుట్టి దూర్చకూడదు, డాక్టరు ఇచ్చిన మందు తప్ప ఇంకేదీ పొయ్యకూడదు, ఆరేదాకా చెవిలోకి నీళ్ళు పోనివ్వకూడదు. ఆ నాలుగు రోజులూ కాలవలో ఈత బందే. అంతమేరకు మన పెద్దవాళ్ళ మాట నెగ్గింది.

బాపట్లలో మా అక్కయ్య కోడలు చిన్నవాడి చెవికని పాత నూలుచీర ఉతికి ఎండబెట్టి వత్తులు చేసి డబ్బాలో పెట్టుకుంది. అక్కయ్య చూసుకోకుండా వాటినే దీపారాధనకి తీసుకుపోతుంటే, ఇప్పుడు ఒక డబ్బామీద "దేవుడు", రెండోదానిమీద "చెవి" అని కాగితం అంటించి ఉంచింది.