ఇల్లమ్మి రాష్ట్రం దాటితే.. అసలు ఖర్చెంత?
స్టాంపు సుంకం ఒక్కటే కాదు.. పన్నులు, కొలతలు, రాయితీలూ లెక్కించాలి

మాదన్నపేట: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉన్న ఇల్లు అమ్మి పొరుగు రాష్ట్రంలో మరో ఇల్లు కొనడం ఆ రెండింటికీ తీసిపోని పని. రాష్ట్ర విభజన తర్వాత ఈ అవసరం అనేక కుటుంబాలకు ఎదురైంది. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలగపూడికి తరలింది. ఉమ్మడి రాజధానిగా హైదరాబాద్ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఉద్యోగం విజయవాడలో, సొంతిల్లు హైదరాబాద్‌లో ఉన్నవారు ఏళ్ల తరబడి రెండు ఊళ్ల మధ్య తిరిగారు. పిల్లల కొలువుల కోసం బెంగళూరు, చెన్నై, ముంబయి వెళ్లేవారు సరేసరి.

మాదన్నపేట మండీ పరిసరాల్లోని పాత గల్లీల నుంచి కదిలే కుటుంబాలకు ఈ లెక్క మరింత ముఖ్యం. వారిలో చాలామందికి తాతల నాటి చిన్న ఇల్లే మొత్తం ఆస్తి. అది ఒకసారి చేయి దాటితే అదే ధరకు తిరిగి రాదు. ‘ఇక్కడ ఎంత వస్తుంది, అక్కడ ఎంతకు దొరుకుతుంది’ అన్న రెండు అంకెలతోనే నిర్ణయం తీసుకుంటే నష్టపోయే ప్రమాదం ఉంది. అమ్మకపు ఖర్చు, కొనుగోలు ఖర్చు, ఏటా కట్టే పన్నులు, వదులుకునే రాయితీలు.. ఈ నాలుగు పద్దులనూ కలిపి చూసినప్పుడే అసలు ఖర్చు తేలుతుంది.

పత్రం గట్టిగా ఉంటేనే ధర

పాతబస్తీలో ఇల్లు అమ్మదలచినవారు మొదట చూసుకోవాల్సింది హక్కు పత్రాలు. ఇక్కడ పలు ఇళ్లు రిజిస్ట్రేషన్ లేకుండా నోటరీ పత్రాలపైనే చేతులు మారాయి. నోటరీ పత్రం యాజమాన్య హక్కును బదిలీ చేయదు. దానిపై బ్యాంకులు సాధారణంగా గృహరుణం ఇవ్వవు. రుణం దొరకని ఇంటిని నగదు ఉన్నవారే కొనాలి కనుక ధర తగ్గుతుంది. పట్టణ ప్రాంతాల్లో ఇటువంటి నోటరీ స్థలాల క్రమబద్ధీకరణకు తెలంగాణ ప్రభుత్వం 2023 జులైలో ఉత్తర్వులు ఇచ్చింది. 125 చదరపు గజాల లోపు స్థలాలకు స్టాంపు సుంకం మినహాయిస్తామని అందులో పేర్కొంది. ఈ సమస్య ఎంత విస్తృతమైనదో చెప్పడానికి ఆ ఉత్తర్వే నిదర్శనం.

తాత, తండ్రి పేర్ల మీద ఉన్న ఇళ్లది మరో చిక్కు. వారసులందరి సంతకాలు లేకుండా కొనుగోలుదారు ముందుకు రాడు. అన్నదమ్ములతో పాటు అక్కచెల్లెళ్ల వాటాలూ తేల్చుకోవాలి. పంపకం లేదా హక్కు విడుదల దస్తావేజును రిజిస్టర్ చేయించుకోవాలి. ఈ ఖర్చు, ఇందుకు పట్టే నెలలు అమ్మకపు పద్దులోకే వస్తాయి. స్థలం వక్ఫ్, దేవాదాయ, ప్రభుత్వ భూములకు సంబంధించిన నిషేధిత జాబితాలో ఉందేమో కూడా ముందే సరిచూసుకోవాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద ఆ జాబితాలో చేరిన ఆస్తికి రిజిస్ట్రేషన్ జరగదు.

లాభంపై పన్ను: రెండు దారులు

రెండేళ్లకు మించి చేతిలో ఉన్న ఇంటిని అమ్మితే వచ్చే లాభాన్ని దీర్ఘకాల మూలధన లాభంగా పరిగణిస్తారు. 2024 జులై 23 నుంచి దీనిపై పన్ను 12.5 శాతం. అయితే ఆ తేదీకి ముందే ఇల్లు సంపాదించుకున్న దేశవాసులకు ఒక వెసులుబాటు ఉంది. ధరల పెరుగుదల సూచీ ప్రకారం కొన్న విలువను పెంచుకుని, మిగిలిన లాభంపై 20 శాతం లెక్కన చూసుకోవచ్చు. రెండింటిలో ఏది తక్కువైతే అది చెల్లిస్తే చాలు. 2001 ఏప్రిల్ 1కి ముందు సంక్రమించిన ఇంటికి, నాటి ప్రభుత్వ విలువకు మించకుండా, ఆ తేదీనాటి మార్కెట్ విలువను మూలధరగా తీసుకోవచ్చు.

ఉదాహరణకు 2001లో 8 లక్షల రూపాయల విలువ ఉన్న ఇంటిని 2025-26లో 50 లక్షలకు అమ్మారనుకుందాం. కొత్త పద్ధతిలో లాభం 42 లక్షలు, పన్ను 5.25 లక్షలు. 2025-26 సూచీ 376 కనుక పాత పద్ధతిలో మూలధర 30.08 లక్షలవుతుంది. లాభం 19.92 లక్షలకు తగ్గి పన్ను సుమారు 3.98 లక్షలే పడుతుంది. సెస్సు అదనం. దారి ఎంచుకోవడంలోనే లక్షకు పైగా తేడా వస్తోంది.

లాభాన్ని మరో నివాస గృహంపై పెడితే పన్ను మినహాయింపు లభిస్తుంది. అమ్మకానికి ఏడాది ముందు గానీ, తర్వాత రెండేళ్లలోగా గానీ కొనాలి. కట్టుకుంటే మూడేళ్ల గడువు ఉంటుంది. దేశంలో ఏ రాష్ట్రంలో కొన్నా ఇది వర్తిస్తుంది. రిటర్ను దాఖలు గడువులోగా ఇల్లు కుదరకపోతే ఆ సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో జమ చేయాలి. కొత్త ఊరిలో ముందు అద్దెకు ఉండి, తర్వాత కొందామనుకునేవారు ఈ గడువులను మరిచిపోతే మినహాయింపు చేజారుతుంది. అమ్మకం విలువ 50 లక్షలు, అంతకు మించితే కొనుగోలుదారు ఒక శాతం పన్ను కోసుకుని చెల్లిస్తారు. ఆ మేరకు చేతికి వచ్చే సొమ్ము తగ్గుతుంది. దానిని రిటర్నులో చూపి సర్దుబాటు చేసుకోవచ్చు.

రిజిస్ట్రేషన్: ఏ రాష్ట్రంలో ఎంత?

తెలంగాణలో 2021 జులై 22 నుంచి స్టాంపు సుంకం 5.5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 0.5.. మొత్తం 7.5 శాతం. అంతకుముందు ఇది 6 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకం 5, బదిలీ సుంకం 1.5, రుసుము 1 శాతం.. అక్కడా మొత్తం 7.5 శాతమే. 50 లక్షల ఇంటికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 3.75 లక్షలు కట్టాలి.

తమిళనాడులో 2023లో రిజిస్ట్రేషన్ రుసుమును 4 నుంచి 2 శాతానికి తగ్గించారు. స్టాంపు, బదిలీ సుంకాల 7 శాతంతో కలిపి 9 శాతం అవుతుంది. 50 లక్షలకు 4.50 లక్షలు. రుసుము తగ్గించినప్పుడే ప్రభుత్వ మార్గదర్శక విలువలను పెంచారన్నది గమనించాలి. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఇంటికి స్టాంపు సుంకం 5 శాతం. దానిపై సెస్సు, సర్‌చార్జితో పట్టణాల్లో 5.6 శాతం. రిజిస్ట్రేషన్ రుసుమును 2025 ఆగస్టు 31 నుంచి 1 నుంచి 2 శాతానికి పెంచారు. వెరసి 3.80 లక్షలు. ముంబయిలో మెట్రో సుంకంతో కలిపి స్టాంపు సుంకం 6 శాతం. రిజిస్ట్రేషన్ రుసుము ఒక శాతమైనా 30 వేల రూపాయలు మించదు. అక్కడ 3.30 లక్షలతో పని పూర్తవుతుంది. మహిళ పేరిట కొంటే స్టాంపు సుంకంలో మరో శాతం తగ్గుతుంది.

శాతం ఒకటే అయినంత మాత్రాన భారం ఒకటే కాదు. ఒప్పందం ధర, ప్రభుత్వ విలువ.. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై సుంకం లెక్కిస్తారు. తెలంగాణ 2021లోనూ, 2022 ఫిబ్రవరిలోనూ ప్రభుత్వ విలువలను పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించిన విలువలు అమల్లోకి వచ్చాయి. కొనబోయే వీధికి ప్రభుత్వ విలువ ఎంతో తెలుసుకున్నాకే బయానా ఇవ్వడం శ్రేయస్కరం.

నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొంటే జీఎస్టీ కూడా తోడవుతుంది. 2019 ఏప్రిల్ నుంచి ఇది 5 శాతం. 45 లక్షల లోపు ధర ఉండి, నిర్దేశిత విస్తీర్ణానికి లోబడిన అందుబాటు గృహాలకు ఒక శాతం. నివాసయోగ్య ధ్రువపత్రం వచ్చిన పూర్తయిన ఇంటికి జీఎస్టీ లేదు. 50 లక్షల ఫ్లాటుకు ఈ ఒక్క తేడాయే 2.50 లక్షలు.

కొలత మారితే ధర మోసం చేస్తుంది

హైదరాబాద్‌లో స్థలాన్ని చదరపు గజాల్లో చెబుతారు. సరిహద్దు దాటితే కొలత మారుతుంది. కోస్తాలో సెంటు అంటే 48.4 చదరపు గజాలు. చెన్నైలో గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు, అంటే దాదాపు 267 గజాలు. బెంగళూరులో ‘ముప్పై నలభై సైటు’ 1,200 అడుగులు, 133 గజాలకు కొంచెం ఎక్కువ. మహారాష్ట్రలో గుంట 121 గజాలు. అన్నింటినీ గజాల్లోకి మార్చుకున్న తర్వాతే ధరలు పోల్చాలి. ఫ్లాటు విషయంలో గోడల మధ్య నికరంగా వాడుకునే విస్తీర్ణం ఎంత, భూమిలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలు అన్న రెండు ప్రశ్నలూ అడగాలి. మాదన్నపేటలో 80 గజాల సొంత నేల అమ్మి, పాతిక గజాల వాటా ఉన్న ఫ్లాటు కొంటే ధర సమానమైనా ఆస్తి సమానం కాదు. భవనం పాతబడేకొద్దీ విలువ తగ్గుతుంది, నిలిచేది నేలే.

ఏటా కట్టేది ఎంత?

హైదరాబాద్ నగరపాలక సంస్థ ఇంటి పన్నును అద్దె విలువ ఆధారంగా లెక్కిస్తుంది. నెలసరి అద్దె విలువను బట్టి నివాస గృహాలకు 17 నుంచి 30 శాతం వరకు శ్లాబులు ఉన్నాయి. తరుగుదల తీసివేసి, గ్రంథాలయ సెస్సు 8 శాతం కలుపుతారు. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి అడుగుకు నెలకు రూపాయి చొప్పున అద్దె విలువ కట్టారనుకుంటే ఏడాదికి 12 వేలు. తరుగుదల 10 శాతం పోగా 10,800. దానిపై 30 శాతం, సెస్సు కలిపి సుమారు 3,500 రూపాయలు పడుతుంది. ఏటా 1,200 రూపాయల లోపు పన్ను ఉన్న చిన్న ఇళ్లకు దానిని 101 రూపాయలకు తగ్గిస్తూ 2015లో నిర్ణయం తీసుకున్నారు.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి మూలధన విలువ ఆధారిత పన్ను వచ్చింది. నివాసాలకు ఇంటి విలువపై 0.10 నుంచి 0.50 శాతం వరకు పన్ను నిర్ణయించే వీలు కల్పించారు. పాత పన్నుపై పెంపు ఏడాదికి 15 శాతం మించరాదని పరిమితి పెట్టారు. 30 లక్షల విలువ కట్టిన ఇంటికి 0.15 శాతం చొప్పున పడితే 4,500 రూపాయలు. మొదటి ఏడాది తేడా చిన్నదే. కానీ భూమి విలువ సవరించినప్పుడల్లా పన్ను కూడా పెరిగే పద్ధతి ఇది. కొనబోయే ఇంటి గత మూడేళ్ల పన్ను రసీదులు అడిగి చూసుకుంటే పెంపు తీరు తెలుస్తుంది.

వదులుకునే రాయితీలూ ఖర్చే

తెలంగాణలో 2024 నుంచి అమలైన గృహజ్యోతి కింద అర్హులైన తెల్లరేషన్ కార్డుదారులకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితం. హైదరాబాద్‌లో నెలకు 20 వేల లీటర్ల ఉచిత తాగునీటి పథకాన్ని 2021 జనవరిలో ప్రారంభించారు. కర్ణాటకలో 2023 నుంచి 200 యూనిట్ల లోపు వాడకానికి విద్యుత్తు పథకం ఉన్నా, గత సగటు వాడకంపై 10 శాతం అదనం వరకే వర్తిస్తుంది. తమిళనాడులో రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం. ఇక్కడ నెలకు వెయ్యి రూపాయల మేర బిల్లులు తప్పుతున్న కుటుంబం, అటువంటి రాయితీ దొరకని చోటుకు వెళితే పదేళ్లలో 1.20 లక్షలు అదనంగా భరించాల్సి వస్తుంది.

చదువుకునే పిల్లలున్నవారు స్థానికతనూ లెక్కలోకి తీసుకోవాలి. తెలంగాణ కోటా వైద్య సీట్లకు 9 నుంచి 12 తరగతుల వరకు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. పదో తరగతి మధ్యలో ఊరు మారిస్తే ఏ రాష్ట్రంలో స్థానికులవుతారో ముందే తేల్చుకోవాలి. బండి వెంట తీసుకెళితే ఏడాది దాటాక కొత్త రాష్ట్రంలో మళ్లీ నమోదు చేయించి, అక్కడి పన్ను కట్టాలి.

అమ్మాలా? అద్దెకివ్వాలా?

అన్నీ కూడితే లెక్క ఇలా ఉంటుంది. మాదన్నపేటలో ఇల్లు 50 లక్షలకు అమ్ముడైందనుకుందాం. లాభమంతా కొత్త ఇంటిపైనే పెట్టి పన్ను తప్పించుకున్నా, మధ్యవర్తికి ఒక శాతం పోతే చేతిలో మిగిలేది 49.50 లక్షలు. విజయవాడలో రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, మధ్యవర్తికి ఒక శాతం తీస్తే, ఆ సొమ్ముతో కొనగలిగేది సుమారు 45.60 లక్షల ఇల్లే. చెన్నైలో అయితే 45 లక్షలది. సామాను తరలింపు, కొత్త ఇంటి మరమ్మతులు ఇందులో చేరలేదు. ఊరు మారినందుకే నాలుగైదు లక్షల ఇల్లు కరిగిపోతుందన్న మాట. రెండేళ్లకు మనసు మారి తిరిగి రావాలంటే అంతే మొత్తం మరోసారి కరుగుతుంది.

అందుకే బదిలీ ఎంతకాలమో తేలని వారు ఇక్కడి ఇంటిని అద్దెకిచ్చి, అక్కడ అద్దెకు ఉండటం మేలు. వచ్చే అద్దె నుంచి ఇంటి పన్ను, ఆపై 30 శాతం తగ్గించాకే ఆదాయపు పన్ను లెక్కిస్తారు. అయితే దూరాన ఉన్న ఇంటికి మరమ్మతులు, అద్దెదారుతో రాతకోతలు, ఖాళీగా ఉండే నెలలు కూడా ఖర్చే. దేశంలో ఎక్కడైనా పక్కా ఇల్లున్న కుటుంబానికి ప్రధానమంత్రి ఆవాస్ పట్టణ పథకం కింద కొత్త ఇంటికి వడ్డీ రాయితీ రాదు.

అడుగు వేసే ముందు

* అమ్మే ఇంటికీ, కొనే ఇంటికీ కనీసం 30 ఏళ్ల ఈసీ, లింకు దస్తావేజులు న్యాయవాదికి చూపించాలి.
* రెండు చోట్లా ప్రభుత్వ విలువ తెలుసుకుని, సుంకాన్ని రూపాయల్లో రాసుకోవాలి.
* కొత్త ప్రాజెక్టయితే ఆ రాష్ట్ర రెరాలో నమోదు సంఖ్యను సరిచూడాలి. తెలంగాణ నమోదు ఆంధ్రప్రదేశ్‌లో చెల్లదు.
* ఇంటి పన్ను, నీరు, విద్యుత్తు, అపార్టుమెంటు నిర్వహణ రుసుములను పదేళ్లకు గుణించి పోల్చాలి.
* మూలధన లాభాల గడువు తేదీలను అమ్మిన రోజే రాసిపెట్టుకోవాలి.
* కొత్త ఊరిలో కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అద్దెకు ఉండి నీటి కొరత, ముంపు చూశాకే కొనాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీట మునిగాయి. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ పాతబస్తీ ప్రాంతాలూ మునిగాయి. ధర చౌకగా ఉన్నచోట కారణం ఏమిటో వానాకాలమే చెబుతుంది.