రక్తానికి దారి వెతికిన కథ

1943లో నెదర్లాండ్స్ జర్మన్ సేనల ఆక్రమణలో ఉంది. కాంపెన్ అనే చిన్న ఊరి ఆసుపత్రిలో విలెం కోల్ఫ్ అనే యువ వైద్యుడు సాసేజీలకు తొడిగే సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్క బద్దల డ్రమ్ముకు చుట్టి, లవణాలు కలిపిన నీటి తొట్టిలో తిప్పుతూ మనిషి రక్తాన్ని కడిగి చూపించాడు. మూత్రపిండాలు చెడిన 29 ఏళ్ల యువతికి 12 సార్లు అలా చేశాడు. ప్రతిసారీ కొత్త చోట కోసి, రక్తనాళంలోకి గొట్టం దూర్చాలి. చివరికి కోయడానికి నాళమే మిగల్లేదు. యంత్రం పనిచేస్తూనే ఉంది, ఆమె మాత్రం దక్కలేదు.

డయాలిసిస్ చరిత్రలో అసలు చిక్కు అక్కడే మొదలైంది. రక్తాన్ని కడగడం తెలిసింది. దాన్ని పదేపదే బయటికి తెచ్చి, క్రిములు చొరబడకుండా తిరిగి లోపలికి పంపే దారి తెలియలేదు.

1960 మార్చిలో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్‌నర్ అనే వైద్యుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. ముంజేతి ధమనిలో ఒకటి, సిరలో ఒకటి టెఫ్లాన్ గొట్టాలు శాశ్వతంగా అమర్చి, డయాలిసిస్ లేనప్పుడు ఆ రెండింటినీ చర్మం పైన కలిపి ఉంచాడు. షంట్ అనే ఆ అమరిక పెట్టించుకున్న మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ మరో 11 ఏళ్లు బతికాడు. అంతకుముందు మూత్రపిండాలు పూర్తిగా చెడితే కొద్ది వారాల్లో చావు తప్పేది కాదు. అయితే గొట్టం చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చిన చోట చీము పట్టేది, రక్తం గడ్డకట్టేది. మరుసటి ఏడాది లండన్‌లో స్టాన్లీ షాల్డన్ తొడ దగ్గరి నాళాల్లోకి సన్నని గొట్టాలు పంపి డయాలిసిస్ చేశాడు. తర్వాత అవి కాలర్ ఎముక కిందికి, మెడలోకి మారాయి. మన రోగులు ‘మెడలో పైపు’ అనేది వీటినే.

ఆ పైపు ప్రాణం నిలుపుతుంది. అత్యవసరంలో ఎక్కువగా దాని మీదే ఆధారపడతారు. కానీ దాని కొన గుండె దాకా వెళుతుంది, మొదలు చర్మం బయట ఉంటుంది. చర్మం మీద, ముక్కులో నివసించే స్టెఫైలోకోకస్ లాంటి క్రిములు మూత దగ్గరో, పైపు బయటికొచ్చే చోటో చేరి, గొట్టం గోడకు పాచిలా అతుక్కుంటాయి. ఆ పొరలోకి యాంటీబయాటిక్‌లు సరిగా చొరబడలేవు. డయాలిసిస్ మొదలైన కాసేపటికే రోగి గడగడ వణుకుతూ చలిజ్వరంతో దుప్పటి అడిగాడంటే, పైపులోని క్రిములు రక్తంలో కలిశాయేమోనని అనుభవమున్న నర్సు వెంటనే అనుమానిస్తుంది.

పైపు అవసరమే లేని దారి న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో దొరికింది. అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రిలో జేమ్స్ సిమినో, మైఖేల్ బ్రెషియా అనే వైద్యులు ఉండేవారు. విద్యార్థిగా ఉన్నప్పుడు సిమినో సిరల్లోంచి రక్తం తీసే పని చేశాడు. బాగా ఉబ్బిన సిరలోంచి రక్తం ఎంత ధారాళంగా వస్తుందో అతనికి చేతి అనుభవం. సర్జన్ కెన్నెత్ ఆపెల్ మణికట్టు దగ్గర ధమనిని సిరతో కుట్టాడు. ధమని ఒత్తిడికి సిర లావెక్కి, గట్టిపడి, మళ్లీ మళ్లీ సూది పొడవడానికి అనువైంది. ధమనిని సిరతో ఇలా కలపడాన్నే ఫిస్టులా అంటారు. 1966లో వాళ్లు ఈ పద్ధతిని ప్రకటించారు. శరీరంలో పరాయి వస్తువు లేదు. చర్మం మూసుకునే ఉంటుంది. ఇన్‌ఫెక్షన్‌ను ఆపడంలో దీనికి సాటి వచ్చే పరికరం ఈ అరవై ఏళ్లలో రాలేదు.

అయినా ఫిస్టులా అందరికీ కుదరదు, కుదిరినా పండడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆలోగా చాలామందికి పైపే దిక్కు. దాన్ని ఎలా చూసుకోవాలన్న పాఠం మాత్రం ఆలస్యంగా వచ్చింది. పీటర్ ప్రొనొవోస్ట్ బృందం మిషిగన్‌లోని ఐసీయూల్లో చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, అక్కర తీరిన పైపును వెంటనే తీసేయడం లాంటి ఐదు పనుల పట్టీని ఖచ్చితంగా అమలు చేయించింది. రక్తంలో ఇన్‌ఫెక్షన్లు ఎంతగా తగ్గాయో 2006లో ప్రపంచం చూసింది. తర్వాత అమెరికాలో 17 డయాలిసిస్ కేంద్రాలు ఇలాంటి శ్రద్ధే పాటించాయి: సిబ్బంది చేతి శుభ్రతను గమనించడం, పైపు మూత తీసిన ప్రతిసారీ దాని నోటిని మందుతో రుద్దడం, రోగులకు జాగ్రత్తలు నేర్పడం. పైపులు, ఫిస్టులాల ద్వారా వచ్చే రక్త ఇన్‌ఫెక్షన్లు సగానికి పైగా తగ్గాయి. ఖరీదైన మందేదీ ఇందులో లేదు. ప్రతి షిఫ్టులో అదే పని అదే ఓపికతో చేసిన నర్సులు, టెక్నీషియన్లదే ఆ ఘనత.

మన దేశంలో డయాలిసిస్ 1961లో వెల్లూరు సీఎంసీలో మొదలైంది. ఇప్పుడది జిల్లా ఆసుపత్రుల దాకా వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల ఊళ్లలో, కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. ఆ జబ్బు చాలామందిలో నెమ్మదిగా, ఏళ్ల తరబడి ముదురుతుంది. అంటే రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరుగుతోందని తెలిసిన రోజు నుంచే ఫిస్టులాకు సిద్ధం కావడానికి వ్యవధి ఉంది. కుడిచేతి వాటం ఉన్నవారికి సాధారణంగా ఎడమ చేతికే ఆపరేషన్ చేస్తారు. కాబట్టి ఆ ముంజేతి సిరలను కాపాడుకోవాలి. రక్తపరీక్షకైనా, సెలైన్‌కైనా అరచేతి వెనక సిరను వాడమని రోగే అడగవచ్చు, అడగాలి కూడా.