కట్ట మైసమ్మ: చెరువు కన్న తల్లి

తెలంగాణలో మైసమ్మలు చాలామంది ఉన్నారు. కోటను కాచేది కోట మైసమ్మ, గండిని కాచేది గండి మైసమ్మ, చెరువును కాచేది కట్ట మైసమ్మ. పేరు ముందు చేరే మాట తల్లి చేసే పని చెబుతుంది. సంస్కృత పురాణాలు వీళ్లలో ఎవరినీ ఎరగవు. మహిషాసురుణ్ణి చంపిన దుర్గే మైసమ్మ అని కొత్తగా కట్టిన గుళ్లలో చెబుతున్నారు గానీ, షాద్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో మొక్కేవాళ్లకు ఆ కథతో పెద్దగా పనిలేదు. వాళ్లకు కావాల్సింది వానాకాలం రాత్రి కట్ట నిలబడటం. కట్ట మైసమ్మ పుట్టుక వెతకాల్సింది కూడా అక్కడే.

షాద్‌నగర్ ఉన్న పాలమూరు ప్రాంతం మెట్టభూమి. కృష్ణ పారేది ఎక్కడో దక్షిణాన, పల్లంలో. మిగిలిందంతా ఎర్ర చెల్క, రాతిగుట్టలు, నాలుగు నెలల వాన. ఆ వానను పట్టి ఉంచుకోకపోతే యాసంగి మాట అటుంచి తాగడానికే నీళ్లుండవు. అందుకే కందూరు చోళులు, కాకతీయుల కాలం నుంచి ఈ నేలంతా చెరువులు తవ్వుకుంటూ వచ్చారు. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం ఆ కాలపుదే. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే ఇంకా కిందికి. గొలుసుకట్టు అంటాం. ఇంత తెలివైన ఏర్పాటులోనే పెద్ద భయం కూడా ఉంది. పైచెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కిందిదాని మీద పడతాయి. అదీ తెగుతుంది. ఇక వరసగా తెగుతూ పోవడమే.

ఆ భయం ఊహ కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. 15,000 మంది దాకా చనిపోయారని అంచనా. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి కారణాలు వెతికితే, మూసీ, ఈసీ నదుల ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని తేలింది. వచ్చిన వరదకు అలుగులు చాలలేదు. నగరాన్ని ముంచింది ఆకాశమే కాదు, పల్లెల్లో ఒకదాని వెంట ఒకటి తెగిన కట్టలు కూడా. ఆయన సలహాతో వచ్చినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్.

ఆ వరదనాటికి నిజాం ప్రధానమంత్రి మహారాజా కిషన్ పర్షాద్. ఆయన మాట మీదే నిజాం మహబూబ్ అలీఖాన్ మూసీకి పసుపు, కుంకుమ, పట్టుబట్టలు సమర్పించాడనీ, లాల్‌దర్వాజ సింహవాహిని అమ్మవారికి మొక్కాడనీ, అప్పుడు వరద తగ్గిందనీ పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కిషన్ పర్షాద్ ఉర్దూ, ఫారసీల్లో కవిత్వం రాసేవాడు. ఆయన కలం పేరు షాద్. షాద్‌నగర్‌కు ఆ పేరు ఆయన వల్ల వచ్చిందే. ముస్లిం పాలకుడు, హిందూ మంత్రి, పొంగిన నీళ్ల ముందు పసుపు కుంకుమల పళ్లెం. ఆ కథను జనం నమ్మడంలో నాకు ఆశ్చర్యం లేదు, ప్రతి ఊళ్లో కట్ట మీద జరిగేది అదే కాబట్టి.

తల్లి ఎలా పుట్టింది? ఊరూరా చెప్పే కథల సారం దాదాపు ఒకటే. కట్ట ఎన్నిసార్లు పోసినా ఒకేచోట తెగుతూ ఉంటుంది. ఎవరికో పూనకం వస్తుంది, బలి కావాలంటుంది. ఒక ఆడమనిషి గండిలోకి దిగుతుంది. కట్ట నిలుస్తుంది, ఆమె దేవత అవుతుంది. ఈ కథల్లో అందరికీ తెలిసింది అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ముసలమ్మది. బసిరెడ్డి కోడలు ఆమె. కట్టమంచి రామలింగారెడ్డి ఆ కథనే తీసుకుని 'ముసలమ్మ మరణం' కావ్యం రాశాడు.

ఈ కథలను త్యాగగాథలుగా మెచ్చుకుని వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. చెరువులు కట్టింది ఎవరు? మట్టి తవ్వింది ఉప్పరులు, రాయి కొట్టింది వడ్డెరలు, గంపలు మోసింది వాళ్ల ఆడవాళ్లు. నానిన కట్ట జారితే ముందు మట్టి కింద పడేది వాళ్లే. చెరువు తవ్వించిన ప్రభువు పేరు శాసనంలో ఉంటుంది. కింద పడినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. పేరు లేని ఆ చావులను ఊరు మరిచిపోకుండా దాచుకున్న చోటే కట్ట మైసమ్మ అని నేను నమ్ముతాను. గండిలోకి దిగింది దాదాపు ప్రతి కథలోనూ ఆడమనిషే కావడం, అదీ ఎక్కువగా కోడలే కావడం, ఆ ఇళ్లల్లో ఎవరి ప్రాణం చవకో కూడా చెబుతుంది.

తల్లి ఉండే చోటు కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. తూము దగ్గరో, అలుగు మొదట్లోనో, పాత గండి పూడ్చిన చోటో. అంటే కట్టకు ప్రాణం ఎక్కడ బలహీనమో అక్కడ. వేపచెట్టు కింద చెక్కని రాయి, పసుపు, కుంకుమబొట్లు, పక్కనే తమ్ముడు పోతరాజు. గుడి ఉండదు, తలుపు ఉండదు. తూము తీసేది, మూసేది, ఎవరి మడికి ఎన్ని నీళ్లో చూసేది నీరటి. వానాకాలం కట్ట మీద రోజూ తిరిగేవాడూ అతనే. మొక్కడానికి వచ్చిన మనిషి కళ్లు కట్ట మీద కూడా పడతాయి. ఎక్కడైనా బుంగ పడి నీళ్లు ఊరుతుంటే ఊరికి అప్పుడే తెలుస్తుంది.

చెరువు నిండి అలుగు దుమికితే ఆరోజు పండుగే. కొత్తకుండకు సున్నం, పసుపు పూసి, వేపమండలు కట్టి, లోపల అన్నం బెల్లం పెట్టి, పైన దీపం వెలిగించి బోనం ఎత్తుకుంటారు. ముందు డప్పులు. బైండ్లవాళ్లు జమిడిక మోగిస్తూ తల్లి కథ పాడతారు. సాక పోస్తారు, కల్లు ఆరగింపు పెడతారు, యాటను కోస్తారు. పాతకాలంలో పెద్ద కొలుపులకు దున్నపోతు. పూజాస్థలాల్లో జంతుబలిని నిషేధిస్తూ 1950లోనే చట్టం వచ్చింది. కొన్నిచోట్ల కొబ్బరికాయ, గుమ్మడికాయ దాకా తగ్గింది, చాలాచోట్ల యాట, కోడి ఆగలేదు. ఇక్కడ పూజారి పని బైండ్లవాళ్లది, కుమ్మరులది. ఊళ్లోని పెద్దగుడి గడప దాటనివ్వని కులాలు ఇక్కడ తల్లి పక్కనే నిలబడి మాట్లాడాయి. కొత్తగా గోపురాలు కట్టి, వేదమంత్రాలు చదివించే చోట్ల ఈ మనుషులు మెల్లగా వెనక్కి జరుగుతున్నారు. అది నాకు నిజంగా బాధ.

తల్లి మాత్రం నగరానికీ వెళ్లింది. 1560లలో హుస్సేన్ షా వలీ అనే సూఫీ పర్యవేక్షణలో కట్టిన హుస్సేన్‌సాగర్ కింద, లోయర్ ట్యాంక్‌బండ్‌లో, కట్ట మైసమ్మ గుడి ఉంది. శ్రీశైలం రోడ్డు మీద కడ్తాల్ దగ్గర మైసిగండి మైసమ్మ ఇప్పుడు పెద్ద క్షేత్రం. కొత్త బండి కొన్నవాళ్లు ముందు అక్కడికే తోలుకుపోతారు. నీటి గండాన్ని కాచిన తల్లికి రోడ్డు గండం కూడా అప్పజెప్పారు. వలసపోయి దేశమంతా డ్యాములు, కాలువలు కట్టిన పాలమూరు లేబరు కూడా పని మొదలుపెట్టే ముందు తల్లికి కోడిని కోసి మొక్కుకున్నవాళ్లే.

2015లో చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు రాష్ట్రంలో సుమారు 46,000 చెరువులను లెక్కలోకి తీసుకున్నారు. కొన్నిట్లో పూడిక తీశారు, తూములు బాగుచేశారు. అదే కాలంలో శంషాబాద్ విమానాశ్రయం నుంచి షాద్‌నగర్ దాకా బెంగళూరు హైవే పొడుగునా వెంచర్లు లేచాయి. శిఖం భూమిలోకి ప్లాట్లు జరిగాయి, కట్టలు సన్నబడ్డాయి. నీళ్లు లేకపోయినా తల్లిని కదిలించడానికి జనానికి చేతులు రావు. ఎగువన నీళ్లు ఎక్కడిదాకా నిలిచేవో, దిగువన ఆయకట్టు ఎటు పోయేదో అక్కడ బోనం ఎత్తిన ముసలమ్మలు చేత్తో చూపిస్తారు. చెరువు హద్దులు తేల్చడానికి వచ్చే సర్వేయర్లు రెవెన్యూ నక్షాతోపాటు వాళ్లనూ వెంటబెట్టుకుని, కొలత మైసమ్మ దగ్గర నుంచే మొదలుపెట్టాలి.