మున్సిపల్ ఉద్యోగుల పింఛను, వైకల్య ప్రయోజనాలు (ఆదోని, ఎమ్మిగనూరు)

కర్నూలు జిల్లా పడమటి పట్టణాలైన ఆదోని, ఎమ్మిగనూరు పురపాలక సంఘాల్లో విరమణ ప్రయోజనాలు ఉద్యోగి చేరిన తేదీని, నియామక పద్ధతిని బట్టి మారతాయి. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరిన రెగ్యులర్ సిబ్బందికి 1980 నాటి రాష్ట్ర సవరించిన పింఛను నియమాలే ఆధారం. పింఛనులో 40 శాతం వరకు కమ్యుటేషన్ చేసుకోవచ్చు, అంటే ముందే ఏకమొత్తంగా తీసుకోవచ్చు; అందుకు నెలనెలా పింఛనులో పడే కోత 15 ఏళ్లకు ఆగుతుంది. తర్వాత చేరినవారిది సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పింఛను పథకం): మూలవేతనం, కరువు భత్యంపై 10 శాతం చందా.

సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. తగిన పని లేకపోతే సూపర్‌న్యూమరరీ (అదనంగా సృష్టించిన) పోస్టులో కొనసాగించాలి. ఇష్టపడి వైద్య కారణాలపై తప్పుకునేవారికి ఇన్వాలిడ్ పింఛను వేరే ఉంది.

అసలు చిక్కంతా చెత్త ఎత్తే, కాలువలు తీసే ఔట్‌సోర్సింగ్ కార్మికులది. ప్రమాదం ఎక్కువ వారికే, ప్రభుత్వ పింఛను లేనిదీ వారికే. పీఎఫ్ విరమణ పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉంటే పనిలో గాయానికి తాత్కాలికంగా వేతనంలో 90 శాతం అందుతుంది. శాశ్వత వైకల్యంలో సంపాదన శక్తి నష్టాన్ని మెడికల్ బోర్డు లెక్కగడుతుంది.